రంగు పట్టిన పుప్పొడికి ప్రాణం ఉన్నట్టేనా? ఔషధ మొక్కల స్టెయినింగ్ పరీక్షల్లో సమస్యలు, పరిష్కారాలు

పుప్పొడి జీవశక్తి పరీక్షలో పేచీలన్నీ రంగు దగ్గరే వస్తున్నట్టు కనిపిస్తాయి. రంగు పట్టలేదని, ఎక్కువ పట్టిందని, అంచున ఒకలా మధ్యలో ఒకలా ఉందని. వీటిలో చాలావాటికి మందు ఉంది, కింద ఒక్కొక్కటే చెబుతాను. దానికంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: మీరు వాడుతున్న స్టెయిన్ అసలు దేనికి రంగు వేస్తోంది?

ఎసిటోకార్మిన్, లాక్టోఫినాల్ కాటన్ బ్లూ, అలెగ్జాండర్ స్టెయిన్... ఈ మూడూ రేణువు లోపల కణద్రవ్యం ఉందా, లేక తాలు రేణువా అన్నది మాత్రమే చెబుతాయి. ఆ కణద్రవ్యం బతికి ఉందా అన్నది వాటి పరిధిలో లేదు. టీటీసీ, ఎంటీటీ లాంటి టెట్రజోలియం లవణాలు శ్వాసక్రియకు సంబంధించిన డీహైడ్రోజినేజ్ ఎంజైములు పనిచేస్తున్నాయా అని చూస్తాయి. ఎఫ్‌డీఏ (ఫ్లోరెసీన్ డైఅసిటేట్ అనే రసాయనం) రెండు సంగతులు కలిపి చూస్తుంది: లోపల ఎస్టరేజ్ ఎంజైము ఉందా, కణపొర చిల్లు పడకుండా ఉందా. వీటిలో ఏదీ ఈ రేణువు కీలాగ్రం మీద మొలుస్తుందని హామీ ఇవ్వదు. రికార్డులో మాత్రం అన్నిటినీ ‘వయబిలిటీ ఇంత శాతం’ అని ఒకే గడిలో రాసేస్తుంటారు. సగం గందరగోళం ఆ గడిలోనే పుడుతుంది.

ఇంకొక్క ఏర్పాటు చేసుకుంటే మిగిలిన సమస్యల్లో సగం వాటంతటవే తేలిపోతాయి. అదే పుప్పొడిలో కొంత తీసి 80 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచి చంపండి. దాన్ని కూడా అదే రోజు, అదే ద్రావణంలో, అంతే సేపు స్టెయిన్ చేయండి. ఇది చచ్చిన కంట్రోల్. రంగు లేకుండా ఉత్త బఫర్‌లోనో (పీహెచ్ మారకుండా ఆపే ద్రావణం) చక్కెర ద్రావణంలోనో పెట్టిన ఇంకో స్లయిడ్ సహజ రంగు కోసం. ఈ రెండూ లేని ఫలితాన్ని నేనైతే నమ్మను.

అన్నీ ఎర్రగానే ఉన్నాయి, ఏ మొక్కకైనా 95 శాతం దాటుతోంది

ఎసిటోకార్మిన్‌తో చేసినవాళ్ల నుంచి తరచుగా వినే మాట ఇది. ఫలితం బాగుందనుకుని చాలామంది దీన్ని సమస్యగా కూడా చూడరు.

చచ్చిన కంట్రోల్ స్లయిడ్ చూడండి. అదీ అంతే ఎర్రగా ఉంటే కారణం తెలిసిపోయినట్టే. ఓవెన్‌లో ప్రాణం పోయినా కేంద్రకం, కణద్రవ్యం ఎక్కడికీ పోవు, కార్మిన్ వాటికి అంటుకుంటుంది. హెర్బేరియం షీటు మీద ఏళ్ల తరబడి ఎండిపోయిన పువ్వు నుంచి తీసిన పుప్పొడి కూడా కాటన్ బ్లూలో చక్కగా నీలం తిరుగుతుంది. సంకర మొక్కల్ని, బహుగుణితాల్ని (రెండుకు మించి క్రోమోజోము సెట్లున్న మొక్కల్ని) గుర్తించడానికి వర్గీకరణ శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని వాడుకునేది అందుకే. ఆ పుప్పొడి బతికి ఉందని మాత్రం వాళ్లెవరూ అనరు.

కాబట్టి ఇక్కడ సరిచేయవలసింది స్టెయిన్‌ను కాదు, దాన్ని అడిగిన ప్రశ్నను. క్షయకరణ విభజన (క్రోమోజోములు సగమై పుప్పొడి ఏర్పడే విభజన) సరిగ్గా జరిగిందా, ఎన్ని రేణువులు ఎదగకముందే చితికిపోయాయి అన్నదే తెలియాలంటే ఎసిటోకార్మిన్ చాలు. ఫలితాన్ని ‘స్టెయిన్ పట్టిన శాతం’ అని రాయండి. నిల్వ చేసిన పుప్పొడి ఇంకా పనికొస్తుందా, పువ్వు విచ్చాక ఎన్ని గంటలు బతుకుతుంది అన్నవి కావాలంటే టీటీసీకో ఎఫ్‌డీఏకో మారక తప్పదు.

ఎసిటోకార్మిన్ పట్టడం లేదు, లేత గులాబీ దగ్గరే ఆగిపోతోంది

ముందు సీసా చూడండి. కార్మిన్ అనేది కొచినీల్ అనే పురుగుల నుంచి వచ్చే సహజ రంగు, ఒక్కో బ్యాచ్ ఒక్కోలా ఉంటుంది. 45 శాతం ఎసిటిక్ ఆమ్లంలో 1 నుంచి 2 శాతం కార్మిన్ వేసి బాగా మరగనిచ్చి, చల్లార్చి, వడకట్టాలి. గోరువెచ్చని ఆమ్లంలో కలిపి వదిలేస్తే సగం కార్మిన్ కరగకుండా ఫిల్టర్ పేపరు మీదే ఉండిపోతుంది. సీసాలోకి దిగిన ద్రావణం చూడ్డానికి ఎర్రగానే ఉంటుంది గానీ పనిచేయదు.

ద్రావణం బాగానే ఉంటే ఇనుము సంగతి చూడాలి. కార్మిన్ రంగు గాఢంగా అతకాలంటే లేశమాత్రం ఇనుము కావాలి. స్లయిడ్ మీద చుక్కలో తుప్పు పట్టిన సూదితో కలపడం పాత ల్యాబ్ అలవాటు, ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. సీసాలోనే చేయాలంటే ఫెర్రిక్ క్లోరైడ్ పలుచని ద్రావణం ఒకటి రెండు చుక్కలు వేయండి. ఎక్కువైతే నల్లటి మడ్డి దిగి స్లయిడ్ నిండా చుక్కలు కనిపిస్తాయి. అలా జరిగిన సీసాను మళ్లీ వడకట్టి వాడుకోవచ్చు.

మూడో కారణం రేణువు మీది జిడ్డు. కీటకాలతో పరాగసంపర్కం జరిగే మొక్కల్లో రేణువుల మీద పొలెన్‌కిట్ అనే నూనె పూత ఉంటుంది. మందార రేణువులైతే ముళ్లతో, ఈ జిడ్డుతో, 100 మైక్రాన్లు దాటిన ఒడ్డూపొడవుతో నీటి ద్రావణాన్ని దగ్గరకు రానివ్వవు. ఎసిటోకార్మిన్‌కైతే ముందుగా ఆల్కహాల్‌లో కడిగేయండి. అందులో రేణువు చస్తుంది, అయినా ఫర్వాలేదు, ఈ స్టెయిన్ ప్రాణాన్ని కొలవదు కదా. టీటీసీకి, ఎఫ్‌డీఏకి మాత్రం ఆల్కహాల్ దగ్గరకు కూడా రాకూడదు. వాటికి హెక్సేన్ లాంటి అధ్రువ ద్రావణితో కడిగి ఆరబెట్టవచ్చు. ధ్రువ ద్రావణులు కణపొరను పాడుచేసినట్టుగా ఇవి చేయవు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా రంగు పట్టకపోతే మొగ్గ వయసు చూడండి. విచ్చడానికి రెండు మూడు రోజుల ముందు మొగ్గ నుంచి తీసిన పరాగకోశంలో ఒకే కేంద్రకం, పెద్ద రిక్తికతో (కణంలోని నీటి సంచి) ఇంకా పుప్పొడిగా ఎదగని సూక్ష్మసిద్ధబీజాలే ఉండొచ్చు. రేణువు నిండుగా ఉండదు, లేతగా కనిపిస్తుంది. దాన్ని ‘వంధ్య’ (గొడ్డుది) అని లెక్కేస్తే తప్పు మొక్కది కాదు.

అలెగ్జాండర్ స్టెయిన్‌లో అంతా పచ్చగా, లేదంటే అంతా మెజెంటాగా

1969లో వచ్చిన ఈ పద్ధతి పనిచేసే తీరు తెలిస్తే మరమ్మతు సులువు. మాలకైట్ గ్రీన్ రేణువు గోడలోని సెల్యులోజ్‌కు ఆకుపచ్చ రంగు ఇస్తుంది. యాసిడ్ ఫుక్సిన్ లోపలి జీవపదార్థానికి మెజెంటా ఎరుపు ఇస్తుంది. నిండు రేణువు పచ్చ అంచుతో ఎర్రగా, తాలు రేణువు ఉత్త పచ్చ గుల్లగా కనిపించాలి. ఈ రెండు రంగుల్ని విడగొట్టేది ఎసిటిక్ ఆమ్లం. పలుచని గోడకు 100 మిల్లీలీటర్ల స్టెయిన్‌లో 1 మిల్లీలీటరు గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం సరిపోతుంది. మందపు గోడకు, ముళ్లున్న రేణువులకు 3, 4 మిల్లీలీటర్ల దాకా వెళ్లాలి. తులసికి కుదిరిన సీసా మందారకు కుదరకపోవడంలో వింతేమీ లేదు.

అన్నీ పచ్చగా ఉంటే లోపలికి ఫుక్సిన్ చేరలేదన్నమాట. ఆమ్లం కొంచెం పెంచండి, స్లయిడ్‌ను దీపం మంట మీద మరగకుండా మెల్లగా వెచ్చబెట్టండి, లేదా 50 డిగ్రీల దగ్గర ఎక్కువ సేపు ఉంచండి. అంతా ముదురు మెజెంటా అయితే వెచ్చబెట్టడం ఎక్కువైందో, స్టెయిన్ చిక్కబడిందో చూడాలి. నీటితో పలుచన చేసి తక్కువ సేపు పెట్టి చూడండి. పరాగకోశాన్ని నలపకుండా నిండుగా స్టెయిన్ చేస్తుంటే ఓపిక పట్టాల్సిందే, రంగు గోడల్ని దాటి లోపలికి దిగడానికి సమయం పడుతుంది.

పాత వంటకంలో ఫినాల్, క్లోరల్ హైడ్రేట్ ఉన్నాయి, రెండూ మంచివి కావు. అవి లేకుండా సులభం చేసిన పద్ధతి 2010లో వచ్చింది. అందులో పువ్వుల్ని ఆల్కహాల్ 6, క్లోరోఫాం 3, ఎసిటిక్ ఆమ్లం 1 పాళ్లలో ఫిక్స్ చేసి (కణాలు ఉన్న రూపంలోనే నిలిచిపోయేలా చంపి), తర్వాత స్టెయిన్ వేస్తారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీనితోనే మొదలుపెట్టడం మంచిది. ఫిక్స్ చేసిన పుప్పొడికి ప్రాణం ఉండదని, అయినా నిండు రేణువు మెజెంటాలోనే కనిపిస్తుందని మరోసారి గుర్తుచేస్తున్నాను.

టీటీసీ: కొన్ని ఎర్రగా, కొన్ని గులాబీగా, కొన్ని... ఏమో

ఎక్కువ వాదనలు జరిగేది ఇక్కడే. టీటీసీ నీటిలో రంగు లేని లవణం. బతికిన కణంలోని డీహైడ్రోజినేజ్‌లు దాన్ని క్షయకరిస్తే కరగని ఎర్రటి ఫార్మజాన్ ఏర్పడి ఉన్నచోటే ఉండిపోతుంది. సాధారణంగా 0.5 నుంచి 1 శాతం టీటీసీని 10 నుంచి 20 శాతం సుక్రోజ్ ద్రావణంలో కలిపి, పీహెచ్ 7 దగ్గర ఫాస్ఫేట్ బఫర్‌తో నిలబెట్టి, చీకట్లో, తేమ పెట్టెలో అరగంట నుంచి కొన్ని గంటలు ఉంచుతారు.

సీసాలోని ద్రావణమే గులాబీ రంగులోకి తిరిగిందా? వెలుతురు తగిలింది. పారబోసి కొత్తది కలపండి. ఈసారి సీసాకు అల్యూమినియం ఫాయిల్ చుట్టండి.

కవర్ స్లిప్ అంచున రేణువులు తెల్లగా, మధ్యలో ఎర్రగా ఉన్నాయా? ఇది ఆక్సిజన్ పని. అంచు దగ్గర గాలి తగులుతుంది, ఎలక్ట్రాన్ల కోసం ఆక్సిజన్ టీటీసీతో పోటీపడుతుంది, ఫార్మజాన్ తక్కువగా ఏర్పడుతుంది. గాలి బుడగల చుట్టూ కూడా ఇదే కథ. చుక్క పడగానే బుడగలు లేకుండా కవర్ స్లిప్ వేయండి, అంచుల్ని పారఫిన్‌తో మూయండి, అంచు నుంచి దూరంగా ఉన్న రేణువుల్నే లెక్కపెట్టండి.

రంగు చాలా మెల్లగా వస్తోందా? ఉష్ణోగ్రత చూడండి, చల్లటి గదిలో ఎంజైములు బద్ధకిస్తాయి. 30 డిగ్రీల పైన ఇన్‌క్యుబేటర్‌లో పెట్టి చూడండి. పీహెచ్ 6 కిందికి జారినా రంగు తగ్గుతుంది. స్వేదనజలం నిల్వ ఉంటే కార్బన్ డయాక్సైడ్ కరిగి ఆమ్లత పెరుగుతుంది కాబట్టి బఫర్ లేకుండా చేసిన టీటీసీ రోజుకో ఫలితం ఇస్తుంది.

ఇక గులాబీ సంగతి. ముదురు ఎరుపు సరే, రంగు లేనిదీ సరే, మధ్యలోవాటిని ఎటు వేయాలి? కొందరు సగం బతికినవి అని మూడో వర్గం పెడతారు. నా లెక్క వేరు. చచ్చిన కంట్రోల్ స్లయిడ్‌ను ముందు చూడండి. అందులో అత్యంత ముదురుగా ఉన్న రేణువు ఏ ఛాయలో ఉందో అదే గీత. దానికంటే ముదురుగా ఉన్నవి బతికినవి, మిగిలినవి కావు. ఒకే బ్యాచ్ లెక్కపెట్టే ఇద్దరు ఈ గీత విషయంలో ముందే ఒక మాట మీదకు రావాలి. లేకపోతే ఒకే స్లయిడ్‌కు ఇద్దరు రెండు శాతాలు రాస్తారు, ఇద్దరిదీ తప్పనలేం.

చచ్చిన స్లయిడే ఎర్రగా ఉంటే? ఒకటి, పుప్పొడి పూర్తిగా చావలేదు, ఓవెన్ నిజంగా 80 డిగ్రీలకు చేరిందా చూడండి. రెండు, పుప్పొడికి సహజంగానే పసుపో నారింజో రంగు ఉంది, అది ఫార్మజాన్ ఎరుపుతో కలిసి కన్నును మోసం చేస్తోంది. టీటీసీ లేని ఉత్త బఫర్ స్లయిడ్‌తో పోలిస్తే తెలిసిపోతుంది. అలాంటి మొక్కలకు ఎంటీటీ మేలు. ఊదా, నలుపు మధ్య రంగు వస్తుంది కాబట్టి పసుపు మీద కూడా తేలిగ్గా కనిపిస్తుంది. టీటీసీ కంటే తొందరగా కూడా రంగు తిరుగుతుంది.

చుక్కలో వేయగానే రేణువులు పగిలిపోతున్నాయి

మైక్రోస్కోప్ కింద చూస్తుండగానే రేణువు ఉబ్బి, మొలక రంధ్రం దగ్గర చిన్న బుడగ పొడుచుకొచ్చి, చటుక్కున చిట్లి లోపలి పదార్థం పొగలా బయటికి చిమ్ముతుంది. ఉత్త గోడ మిగులుతుంది. అది రంగు పట్టని రేణువుల ఖాతాలో పడుతుంది, శాతం కూలిపోతుంది.

కారణం ద్రవాభిసరణ. బయట చక్కెర తక్కువైతే నీళ్లు లోపలికి దూసుకుపోతాయి. ఎంత చక్కెర కావాలన్నది మొక్కను బట్టి మారుతుంది. 5, 10, 15, 20, 25 శాతం సుక్రోజ్ చుక్కలు వరసగా పెట్టి, రేణువులు పగలని అతి తక్కువ గాఢతను ఎంచుకోవడం ఒక్కటే దారి. పది నిమిషాల పని, తర్వాత రోజులు ఆదా చేస్తుంది. ద్రావణంలో బోరిక్ ఆమ్లం 100 పీపీఎం (లీటరుకు 100 మిల్లీగ్రాములు), కాల్షియం నైట్రేట్ 300 పీపీఎం కలిపితే పొర ఇంకా నిలదొక్కుకుంటుంది. చక్కెర మరీ ఎక్కువైతే రేణువు ముడుచుకుపోతుందని కూడా గమనించాలి.

చక్కెర సరిపోయినా పగులుతున్నాయంటే రేణువు మరీ పొడిగా ఉండి ఉండాలి. సిలికా జెల్ మీద ఆరబెట్టిన పుప్పొడి, ఫ్రిజ్‌లో దాచిన పుప్పొడి, ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం కోసిన పుప్పొడి ఇలా ప్రవర్తిస్తాయి. ఎండిన కణపొర సక్రమమైన అమరికలో ఉండదు. నేరుగా నీళ్లలో పడితే పొర సర్దుకునేలోపే లోపలి పదార్థం కారిపోతుంది. బతికిన రేణువును మనమే చంపినట్టు. తడి ఫిల్టర్ పేపరు పరిచిన మూత పెట్రీ ప్లేటులో, పుప్పొడికి నీళ్లు తగలకుండా, అరగంట నుంచి గంట ఉంచి ఆ తర్వాత ద్రావణంలో వేయండి. ఫ్రిజ్ నుంచి తీసిన గొట్టాన్ని గది వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది.

ఎఫ్‌డీఏ: స్లయిడంతా మెరుస్తోంది, లేదా ఏదీ మెరవడం లేదు

1970లో హెస్లప్ హారిసన్ దంపతులు పుప్పొడికి తెచ్చిన ఈ పద్ధతి స్టెయిన్లన్నిటిలో నాకు ఎక్కువ నమ్మకమున్నది, అంతే సున్నితమైనది. ఎఫ్‌డీఏ మెరవదు, కణపొరను సులువుగా దాటుతుంది. లోపల ఎస్టరేజ్ దాన్ని విడగొడితే ఫ్లోరెసీన్ వస్తుంది. అది పొరను సులువుగా దాటలేదు కాబట్టి లోపలే పోగుపడి నీలి కాంతి కింద ఆకుపచ్చగా మెరుస్తుంది. పొరకు చిల్లు పడితే కారిపోతుంది.

నేపథ్యమంతా పచ్చగా ఉంటే ద్రావణం పాతదై ఉంటుంది. ఎసిటోన్‌లో మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాముల స్టాక్ చేసి చీకట్లో ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు. చక్కెర ద్రావణంలో కలిపింది మాత్రం అప్పటికప్పుడు వాడేయాలి, కూర్చున్నకొద్దీ దానంతటదే విడిపోతుంది. కలిపేటప్పుడు చుక్క చుక్కగా వేస్తూ ద్రావణం పలుచగా పాల రంగు తిరగ్గానే ఆపండి. ఎసిటోన్ ఎక్కువైతే పుప్పొడికే ముప్పు.

ఏదీ మెరవకపోతే పుప్పొడిని నిందించే ముందు దీపం, ఫిల్టర్లు చూడండి. ఆ తర్వాత ద్రావణంలో చక్కెర. పైన చెప్పిన పగుళ్లు, ఎండు పొర సమస్య ఇక్కడ ఇంకా గట్టిగా తగులుతాయి. నిల్వ పుప్పొడికి ఎఫ్‌డీఏలో సున్నా వచ్చి, తేమ పెట్టాక మంచి శాతం రావడం మామూలే.

రేణువు చుట్టూ పసుపుపచ్చ వలయం మెరుస్తూ లోపల చీకటిగా ఉంటే అది బతికినది కాదు. రేణువు బయటి గోడకు సహజంగా ఉండే మెరుపు అది. ఎఫ్‌డీఏ లేని స్లయిడ్‌లో కూడా అదే వలయం కనిపిస్తుంది. లోపలంతా నిండుగా, కళ్లకు కొట్టేలా మెరిసినదాన్నే లెక్కలోకి తీసుకోండి. లెక్క అయిదారు నిమిషాలకు మొదలుపెట్టి త్వరగా ముగించండి. ఆలస్యమైతే బతికినవాటి నుంచి కూడా ఫ్లోరెసీన్ మెల్లగా బయటికి వస్తుంది, నీలి కాంతికి రంగు వెలిసిపోతుంది.

అయోడిన్‌లో నల్లబడలేదు

పొటాషియం అయొడైడ్ అయోడిన్ పిండిపదార్థాన్ని చూస్తుంది. చాలా కుటుంబాల్లో పక్వమైన రేణువులో పిండి ఉండదు, నూనె ఉంటుంది. అలాంటి మొక్కకు ఇది తప్పు పరీక్ష, అంతే.

గుత్తులుగా ఉన్నాయి, ఎలా లెక్కపెట్టాలి?

అత్తిపత్తిలో రేణువులు నాలుగేసి కలిసే ఉంటాయి. చండ్రలో పదహారు వరకు ఒకే ముద్దగా. ఇవి మీరు సరిగ్గా విడదీయకపోవడం వల్ల కాదు, పుట్టుకే అంత. ముద్దలో కొన్ని ఎర్రగా కొన్ని తెల్లగా ఉండొచ్చు. రేణువును లెక్కపెడతారా, ముద్దను లెక్కపెడతారా అన్నది పని మొదలుపెట్టే ముందే రాసుకోండి, ఫలితంలోనూ అదే మాట చెప్పండి.

జిల్లేడు ఇంకా మొండి. ఒక్కో పరాగకోశ గదిలోని పుప్పొడంతా పొల్లినియం అనే మైనపు బిళ్లగా ఉంటుంది, స్టెయిన్ లోపలికి దిగదు. పైపైన పట్టిన రంగును చూసి శాతం చెప్పడం కుదరదు. సూదులతో చీల్చి లోపలి రేణువుల్ని బయటికి తీసి ఎఫ్‌డీఏ వేయాలి, లేదా బిళ్లను మొత్తంగా మొలకెత్తించి చూడాలి. మొలిస్తే పుప్పొడి గొట్టాలు ఒక అంచు వెంట గుంపుగా వస్తాయి.

జిడ్డు వల్ల అతుక్కున్న మామూలు రేణువులైతే సూది మొనతో మెల్లగా కలపండి. కవర్ స్లిప్‌ను నొక్కొద్దు. నొక్కితే ద్రవంతో పాటు చిన్నవి, తాలువి అంచుకు కొట్టుకుపోతాయి, పెద్దవి మధ్యలో మిగులుతాయి. మధ్యలోనే లెక్కపెట్టేవాళ్లకు శాతం ఎక్కువ వస్తుంది. ఎసిటోకార్మిన్, అలెగ్జాండర్ స్లయిడ్లలో ఒక అంచు నుంచి ఎదుటి అంచుదాకా వరసగా వెళ్తూ లెక్కపెట్టండి. టీటీసీకి అంచు వదలాలని పైన చెప్పాను కదా, అక్కడ నొక్కకపోవడం రెండింతలు ముఖ్యం.

అసలు పుప్పొడే రావడం లేదు

తంగేడు, సునాముఖి, కామంచి, నేలములక: వీటి పరాగకోశాలు నిలువునా చీలవు, కొసన చిన్న రంధ్రాలు మాత్రమే ఉంటాయి. తట్టినా దులిపినా రాలేది కొంచెమే. తుమ్మెదల్లాంటివి రెక్కల కండరాలతో అదరగొట్టి రాబట్టుకుంటాయి. ట్యూనింగ్ ఫోర్క్‌ను మోగించి పరాగకోశానికి తాకించండి, స్లయిడ్ మీదికి పొడి జల్లున పడుతుంది. తంగేడు, సునాముఖి లాంటివాటిలో ఇంకో మెలిక ఉంది. ఒకే పువ్వులో పెద్ద కేసరాలు, చిన్న కేసరాలు, గొడ్డు కేసరాలు కూడా ఉంటాయి. అన్నిటినీ కలిపేస్తే పువ్వుకు పువ్వుకు లెక్క మారుతుంది. ఏ కేసరాలు తీసుకున్నారో రాయండి.

తిప్పతీగలో మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. ఆడ పువ్వులోని గొడ్డు కేసరాల్ని నలిపి పుప్పొడి లేదని బాధపడేవాళ్లున్నారు. ఉమ్మెత్త లాంటి సాయంత్రం విచ్చే పువ్వును మర్నాడు మధ్యాహ్నం కోస్తే కీటకాలు మిగిల్చింది, వేరే పువ్వుల నుంచి అవే తెచ్చి అంటించింది దొరుకుతాయి. విచ్చడానికి ముందే మొగ్గకు సంచి కట్టి, పరాగకోశం పగిలిన గంటలోపే తీయండి.

ఏం చేసినా శాతం తక్కువే

అన్ని కంట్రోళ్లూ సరిగ్గా ఉండి, పద్ధతి మార్చినా అదే వస్తే స్టెయిన్ నిజమే చెబుతోందని ఒప్పుకోవాలి. కుంకుమపువ్వు మొక్క త్రిగుణితం, 24 క్రోమోజోములు మూడు సెట్లుగా. క్షయకరణ విభజనలో అవి సమంగా పంచుకోలేవు, పుప్పొడిలో తాలు మిగులుతుంది. పసుపు కూడా 63 క్రోమోజోముల త్రిగుణితమే. ఇవి దుంపలతో పెరగడానికి కారణం ఇదే. మందార తోట రకాల్లో బహుగుణితాలు, సంకరాలు చాలా ఉన్నాయి. ఇలాంటి మొక్కలో తాలు రేణువులతో పాటు మామూలు కంటే పెద్ద రేణువులు కూడా కనిపిస్తే క్రోమోజోముల సంఖ్య చూడండి, స్టెయిన్ మార్చి లాభం లేదు. మొగ్గ దశలో ఎండ వేడి తగిలినా పుప్పొడి దెబ్బతింటుంది. అలాంటప్పుడు వేరే కాలంలో పూసిన పువ్వుతో పోల్చి చూడాలి.

లెక్క పెట్టిన ప్రతిసారీ వేరే సంఖ్య

వంద రేణువులు లెక్కపెట్టి 80 శాతం అన్నారంటే అసలు విలువ 72 నుంచి 88 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. నాలుగు వందలు లెక్కపెడితే ఆ తేడా 76 నుంచి 84కు తగ్గుతుంది. కాబట్టి మూడు నాలుగు శాతం తేడాకు కంగారు పడొద్దు. ఇంకో మాట, ఒకే పువ్వు నుంచి వెయ్యి రేణువులు లెక్కపెట్టినా అది ఒక్క పువ్వే. అయిదారు మొక్కలు, ఒక్కోదానికి రెండు మూడు పువ్వులు, పువ్వుకు రెండు మూడు వందల రేణువులు. శ్రమ ఈ దిశలో పెట్టండి. స్లయిడ్ల మీద పేర్లు దాచి, నంబర్లు మాత్రమే వేసి వేరేవాళ్ల చేత లెక్కపెట్టిస్తే ఇంకా మంచిది.

స్టెయిన్‌లో 90, మొలకలో 10

స్టెయిన్ ఎసిటోకార్మిన్ అయితే దీనికి జవాబు పైనే ఉంది. ఎఫ్‌డీఏలోనూ 90 వచ్చి మొలకలో 10 వస్తే మాత్రం మాధ్యమాన్ని (పుప్పొడిని మొలిపించే ద్రావణాన్ని) అనుమానించండి. 1963 నాటి బ్రూబేకర్, క్వాక్ మాధ్యమం మంచి ప్రారంభం: 10 శాతం సుక్రోజ్, బోరిక్ ఆమ్లం 100 పీపీఎం, కాల్షియం నైట్రేట్ 300, మెగ్నీషియం సల్ఫేట్ 200, పొటాషియం నైట్రేట్ 100. చక్కెరను మాత్రం మొక్కకు తగ్గట్టు మార్చుకోవాలి. రేణువులు మరీ పలుచగా చల్లినా సరిగా మొలవవు. గుంపుగా ఉన్నచోట బాగా మొలిచి, ఒంటరివి ఊరకే ఉంటే కాల్షియం పెంచి చూడండి. గొట్టం పొడవు రేణువు వ్యాసాన్ని మించితేనే మొలిచినట్టు.

తులసి, పొద్దుతిరుగుడు కుటుంబపు మొక్కలు, సోపు కుటుంబపు మొక్కలు మూడు కణాల దశలో పుప్పొడి వదులుతాయి. ఇవి త్వరగా చనిపోతాయి, గాజు పలక మీద మొలవడానికి మొండికేస్తాయి. గోడ మీద ఆరు గాడులతో నిండుగా ఉన్న తులసి రేణువు ఎఫ్‌డీఏలో ధగధగలాడి, మాధ్యమంలో కదలకుండా కూర్చుంటే అది మాధ్యమం లోపం కావొచ్చు, రేణువు లోపం కాకపోవచ్చు. పాలీఇథిలీన్ గ్లైకాల్ కలిపి ఒకసారి ప్రయత్నించండి. అప్పటికీ కుదరకపోతే పరాగసంపర్కం మీరే చేసి, కొన్ని గంటల తర్వాత కీలాన్ని ఫిక్స్ చేసి, క్షారంలో మెత్తబరిచి, రంగు తీసేసిన అనిలిన్ బ్లూలో పెట్టి ఫ్లోరెసెన్స్ కింద చూడండి. గొట్టాల్లోని కేలోస్ అనే పదార్థం వరసగా మెరుస్తుంది. కీలం అడుగుదాకా ఎన్ని చేరాయో లెక్కపెట్టి, ఆ సంఖ్యను ఎఫ్‌డీఏ శాతం పక్కన వేరే గడిలో రాయండి.